నీటికి వదిలిన మోకు

జలధి నడుమ నాడు జగముల నావను
కొమ్ముఁ గట్టి లాగి కూర్మిఁ గాచి
నట్టి మీనమూర్తి! నా మాటత్రాటిని
బిగియనీక కావు, వీడనీక.

ప్రళయజలాలలో మనువు ఎక్కిన నావను నిలిపినది ఒక త్రాడే గదా! ఆ త్రాటి చివర స్వామియే ఉన్నాడు గనుక మనువు నిశ్చింతగా కన్ను మూసి ఉంటాడు. మనవంటివారి త్రాళ్ళ చివర ఇనుప గుంజలు తప్ప మరేమీ ఉండవు గనుక మనకు నిద్ర పట్టదు. అట్లు నిద్ర పట్టని ఒక ఇల్లాలి కథ ఇది.

ఆమె పడవలో పుట్టినది కాదు. పడవకు కోడలై వచ్చినది. భర్త సరంగు, పడవ నడిపేవాడు. ఇటుకలైనా ధాన్యమైనా, దొరికిన సరుకును ఒక రేవునుండి మరొక రేవుకు చేర్చే పొడవైన బార్జి వారిది. వారి ఇల్లూ అదే, వృత్తీ అదే. నీటిని ఆపి వదిలే లాకుల మరమ్మతుకని శీతకాలమంతా కాలువ మూసివేయగా, బార్జిని నగరపు రేవులో కట్టి ఉంచారు. వసంతం అడుగుపెట్టిన వారంలో, తిరిగి ప్రయాణం కట్టేలోగా నాలుగు రోజులు గడపడానికి ఆమె చెల్లెలి ఇంటికి వచ్చారు.

చెల్లెలి ఇల్లు నాలుగవ అంతస్తులో ఉన్నది. చెల్లెలి భర్త పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు. అతని చేతిలోనుండి వచ్చిన పుస్తకంలో ఒక్క పుట కదలదని పేరు. ఇంట్లోనూ అంతే, చీపురుకు కట్టిన దారం మొదలు తలుపు మేకు వరకు వదులుగా ఉన్నదేదీ అతనికి గిట్టదు.

ఆ దంపతులిద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసి ఉంచారు. దగ్గరలోని గిడ్డంగికి కాపలాదారు కావాలట. దానితో పాటు రెండు కిటికీల గది, అందులో కుళాయి. బార్జిని అమ్మివేసి అక్క, బావ ఇక్కడే ఉండిపోవచ్చు. గిడ్డంగి మేనేజరు నాలుగవ రోజు సాయంత్రం వచ్చి సమాధానం అడుగుతాడు. ఔనంటే ఔను. కాదంటే, మరునాడు లాకులు తెరవగానే పడవ కదలాలి. ఆ ఒక్క మాట ఎటు చెప్పాలో తెలియకనే ఆమె నాలుగు రోజులుగా కాలు నిలువక తిరుగుతున్నది.

ముందురోజు ఆ గది చూచి వచ్చారు. ఆమె కుళాయి తిప్పినది, కట్టినది, మళ్ళీ తిప్పినది. చేతిసంచిలోని నీళ్ళ చెంబును, గోడకు చక్కని అలమర ఉండగా, తీసుకొనిపోయి నేలమీద మూలకు ఆనించి పెట్టినది. ఊగే ఇంట్లో కాపురం చేసిన చేయి అది.

"ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు? కాసేపు కూర్చోవే," అన్నది చెల్లెలు, వంటయింటి గడపలో నిలబడి.

"కూర్చుంటే నేల కదలట్లేదే."

"నేల కదిలితే మేం భూకంపం అంటాం. నువ్వు సంసారం అంటావు!"

అక్క నవ్వబోయి ఊరుకున్నది. కిటికీలోనుండి వీధి కనిపిస్తున్నది. చలికాలపు దుప్పట్లన్నీ పిట్టగోడలమీదికి ఎక్కినవి. ఎదుటి దుకాణంవాడు తలుపులకు కొత్తరంగు వేస్తున్నాడు. చెట్లకు చిగుళ్ళు ఇంకా విచ్చుకోలేదు గాని విచ్చుకునే తొందర వాటిలో తెలుస్తున్నది. జగమంతా ఎక్కడికో బయలుదేరుతున్నట్టే ఉన్నది.

"సాయం చేస్తానని నిన్న నా బట్టల తాడు మార్చి కట్టావు చూడూ," అని చెల్లెలు మళ్ళీ అందుకున్నది, "అది ఉయ్యాలలా వేలాడుతోంది. కింద అంతస్తావిడ వచ్చి, మీ తడి దుప్పటి నా మొహం తుడుస్తోందమ్మా అని ఒకటే గోల!"

"తాడన్నాక కాస్త వదులుండాలే. లేకపోతే తెగుతుంది."

"గోడలు పైకీ కిందకీ పోతాయా తెగడానికి?"

 అక్క గదిలోనికి పోయినది. సరంగు కిటికీ పక్కన కూర్చుండి మబ్బులను చూస్తున్నాడు.

"ఏమయ్యా, సాయంత్రం ఆయనొస్తే ఏం చెబుదాం?"

"నువ్వెలా అంటే అలా."

"ఆ ముక్క తప్ప మరోటి రాదా నీ నోటికి? నిన్నా అదే, మొన్నా అదే. రాయిని తట్టినా ఇంకో చప్పుడు వస్తుంది! రేపు బాగుంటే నీ గొప్ప, చెడితే నా తల మీదకీ. అంతేనా?"

అతడు మళ్ళీ మబ్బులవైపు తిరిగినాడు.  ఇన్నేళ్ళ కాపురంలో బరువంతా తనమీదికే ఎందుకు నెడతాడు ఈ మనిషి? చెల్లెలి పక్కన ఉండాలని తనకు లేదా? ఉన్నది. చిన్ననాడు ఒకే దుప్పటిలో పడుకున్నవారు. మరి ఉండిపోతానని చెప్పడానికి నోరెందుకు రాదు?

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అప్పుడే ఊరి చివరినుండి సన్నగా, దీర్ఘంగా సైరను వినిపించినది.

"ఏంటిది బావా?" అన్నది చెల్లెలు.

"లాకుల సైరను. కొండల మీద మంచు కరిగి వసంతం వరద వస్తుందిగా, దానికి చోటివ్వాలని ముందే రేవులో నీళ్ళు దింపుతారు. రెండు నిలువులు దిగుతాయి. పడవ కూడా దిగుతుంది. మోకులు ఆ లెక్కకే వదులుగా కట్టి వచ్చాను," అన్నాడు సరంగు.

బైండరు ముఖం విప్పారినది. పొద్దున వదినగారు తన తలగడ లేనిదే నిద్ర రాదంటే, పాపం, పనికి పోతూ రేవుకు వెళ్ళి దానిని తెచ్చినవాడు అతడే.

"అదే చెబుదామనుకున్నా అన్నయ్యా! మీ మోకులు రెండూ నీళ్ళలో వేలాడుతున్నాయి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? రెండూ లాగి, బిగించి, నా బైండింగు ముడి వేసి వచ్చాను. ఇక ఏనుగొచ్చినా ఊడదు!"

సరంగు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయినది. అక్క అప్పటికే లేచి చెప్పులు వేసుకొంటున్నది.

"ఏమైంది? ఏం చేశాను నేను?" అంటూ బైండరు ఎంగిలిచేతితోనే వెంటబడినాడు.

"నీళ్ళు దిగుతాయి, పడవ దిగదు. ఒడ్డుకి వేలాడుతుంది తమ్ముడూ. రా, రా, మెట్లు చూసుకో!" అన్నాడు సరంగు.

బస్సు దొరికినది గాని ప్రతి కూడలిలోనూ ఆగినది. ఒకచోట రంగుల నిచ్చెన మోసేవారు దారికి అడ్డుపడ్డారు. మరొకచోట పూలకుండీల బండి. వసంతమంతా పనిగట్టుకొని వీధిలోకి వచ్చి నిలబడినట్టున్నది. ఆమె కూర్చోలేదు. కడ్డీ పట్టుకొని, బస్సు కంటె ముందు తానే పరుగెత్తుతున్నట్టు ముందుకు వంగి నిలబడినది. అమ్మడమా మానడమా అన్న ప్రశ్న ఆమె తలలోనుండి ఎప్పుడో జారిపోయినది.

రేవుకు చేరేసరికి నీరు నిలువెత్తు దిగి ఉన్నది. బార్జి ఒడ్డువైపు అంచు రెండు మోకుల మీద పైకి వేలాడుతున్నది. అవతలి అంచు నీటిదాకా వంగిపోయినది. అటువైపు వంటగది కిటికీ గాలికని ఆమెయే తెరచి వచ్చినది. నీరు దాని గడపను నాకుతున్నది. మోకులు వీణ తంతులవలె బిగిసి మూలుగుతున్నవి.

బైండరు గుంజకడకు ఉరికి ముడిని గోళ్ళతో పీకసాగినాడు. "ఊడట్లేదు వదినా! నా ముడి ఊడట్లేదు!"

"ఊడదని నువ్వే చెప్పావుగా మరిదీ. దూరం జరుగు, తెగిన మోకు కొరడాలా కొడుతుంది."

భార్యాభర్తలిద్దరూ వాలిన పైబల్లల మీద పాకుతూ చెరొక కొసకు పోయినారు. ఆయన ముందుకు, ఆమె చుక్కాని దగ్గరకు. అట్టి పడవలలో రెండు కొసలనూ ఒక్కొక్క గొడ్డలి ఉంటుంది. మోకులు రెండూ ఒక్కసారే తెగవలె. ఒకటి ముందు తెగినచో బరువంతా రెండవదానిపై పడి, పడవ మెలికపడి, కిటికీలోనుండి నీరు త్రాగుతుంది. ముందున్నవానికి వాలిన అంచు కనబడదు. చుక్కాని దగ్గర నిలిచినవారికే పడవ అంతా కనబడుతుంది. కనుక మాట వారిదే. పడవవారి ధర్మం అది.

సరంగు గొడ్డలి ఎత్తి పట్టుకొని, వెనుకకు తిరుగకయే కేక వేసినాడు.

"నువ్వెలా అంటే అలా!"

 ఇన్ని రోజులు గదిలో విన్న మాటయే. ఇన్నేళ్ళు ప్రతి లాకులో, ప్రతి మలుపులో విన్న మాటయే. నేలమీద అది పిరికితనమని తోచినది. ఇక్కడ ఆ మాటమీద ఆ మనిషి తన ప్రాణం పెట్టి నిలబడి ఉన్నాడు.

ఆమె చూపు నీటిమీదకు పోయినది. ఎవరిదో మరపడవ దాటిపోగా లేచిన అల వచ్చుచున్నది. అది వంగిన అంచును ఇంకొంచెం ముంచినది. కిటికీలోనుండి ఒక దోసెడు నీరు లోపలికి దూకినది. బైండరు కళ్ళు మూసుకొన్నాడు. ఆమె ఆగినది. అల దాటినది. అంచు తేలినది.

"ఇప్పుడు!"

రెండు గొడ్డళ్ళు ఒక్కటిగా దిగినవి. బార్జి దభాలున నీటిమీద పడి, అటు ఒరిగి, ఇటు ఒరిగి, నడుము సర్దుకొని నిలిచినది. లోపల గిన్నెలన్నీ ఒక్కసారి ఏడ్చి ఊరుకొన్నవి.

పడవ ఒడ్డు విడిచి జరగడం మొదలుపెట్టగానే సరంగు కొత్త మోకు విసిరినాడు. "పట్టుకో తమ్ముడూ! గుంజకి చుట్టు. వదులుగా కట్టు!"

"ఎంత వదులు అన్నయ్యా?"

"నీ మనసు ఒప్పుకోనంత!"

బైండరు అట్లే కట్టినాడు. కట్టి, ఆ వేలాడే మోకును చూడలేక ముఖం తిప్పుకొన్నాడు. అప్పుడు ఆమెకు నవ్వు వచ్చినది. నాలుగు రోజులుగా గొంతులో అడ్డుపడి ఉన్న నవ్వు.

ఆమె ముందుకొసకు నడచి భర్త పక్కన నిలిచినది. "నీ మనసులో ఏముందో ఒక్కసారి చెప్పవయ్యా. మాటకి కాదు, నిజంగా."

అతడు తెగిన మోకు కొసను చేతిలో త్రిప్పినాడు. "ఆ గది బాగానే ఉంది. కానీ అక్కడ నువ్వెక్కడ నిలబడతావో, నేనెక్కడ నిలబడాలో నాకు తెలియలేదు."

ఆమె తలయూపినది. "పోదాం," అన్నది.

"నువ్వెలా..." అని నోరు తెరచి, ఆమె చూపు చూచి, అతడు "పోదాం," అన్నాడు.

సాయంత్రానికి చెల్లెలు తలగడను చంకన పెట్టుకొని రొప్పుతూ రేవుకు వచ్చినది. "ఇంద, దీనికోసమేగా ఇంత రభస! నిన్ను ఉండమంటే నా మొగుడి మీద పడవ వేలాడదీస్తావా?" అని తిట్టుతూనే అక్కను వాటేసుకొని ఏడ్చినది. అక్కకూ కన్నీరు ఆగలేదు. "మళ్ళీ కాలువ మూసేటప్పటికి వస్తానే. గిడ్డంగాయనకి చెప్పు, మాకు నేల మీద తల తిరుగుతుందని. నీ బట్టల తాడు మటుకు మీ ఆయన చేత కట్టించుకో."

మరునాడు లాకులు తెరచుకొన్నవి. ఆమెకు కుదురు దొరికినదని నేను చెప్పను. చెల్లెలి కిటికీ ఉన్న దిక్కుకు ఆమె మెడ ఎన్నిసార్లు తిరిగినదో నీటికే తెలుసు. కాని కాలి క్రింద పలక కదులుచున్నది. ముందుకొసనుండి కేక వచ్చుచున్నది. ఆమె చూచి బదులు పలుకుచున్నది.

ఈ కథ విన్నవారి పడవలను ఆ మీనమూర్తి కాచుగాక! వారిని కట్టిన త్రాళ్ళు నీరు దిగినపుడు దిగి, పెరిగినపుడు పెరిగి, తెగకయు బిగియకయు ఉండుగాక! కేక వేసినప్పుడు బదులు పలికే మనిషి వారి అందరి వెనుకా నిలిచి ఉండుగాక! స్వస్తి.