మోచేయి దాటిన గాజు

గాజులమ్మే కదిరమ్మకు అక్షరం ముక్క రాదు గానీ, ఏ ఇంటి పిల్ల మణికట్టు ఎంత లావో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఎనభైలలో వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలు నిలువునా ఎండిపోయిన ఆ వేసవిలో నర్సు సుబ్బలక్ష్మమ్మ వచ్చి ఆమె అరుగు మీద కూలబడింది. పాపం, నర్సమ్మ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పసిపిల్లల్ని తూకం వేస్తానంటే తల్లులు తలుపులేసుకుంటున్నారు. తూచితే బిడ్డ తరిగిపోతుందట!

"అవ్వా, నువ్వు గాజు తొడిగితే ఎవురూ వద్దనరు కదా. ఈ ఇత్తడి గాజు చిన్నపిల్లోళ్లందరికీ తొడిగి చూడు. మోచేయి దాటి జబ్బకెక్కితే ఆ బిడ్డకు తిండి చాల్లేదని. అట్లాంటి బిడ్డకొక ఎర్రగాజు దారానికి గుచ్చు. ఎక్కకుంటే పచ్చగాజు. ఊరికొక దారం, వంక అవతల గుడిసెలకొక దారం. గంజి కేంద్రంలో ముప్పై మందికే పెట్టేది. ఇన్నాళ్లూ ముందు పేరు రాయించుకున్నోళ్లే తాగుతాండారు. ఇంగ అట్ల కాదు, యాడ ఆకలి ఉండాదో ఆడికి పోవాల."

"ఇంతేనా? దీనికింత బతిమాలాల్నా!" అంటూ కదిరమ్మ కొంగు బిగించింది.

మొదటి చెయ్యి మనవరాలు అంజిదే. మూడేళ్ల ఆ పిల్లంటే అవ్వకు పంచప్రాణాలు. గాజు మోచేతి కిందే ఆగిపోయింది. అంటే పచ్చగాజు. పచ్చగాజు గుచ్చితే రేపట్నుంచి దీనికి గంజి ఉండదే! కరువు ఎన్నాళ్లుంటుందో ఎవడికి తెలుసు? చుట్టూ చూసింది. కోడలు నీళ్లకు పోయింది. అవ్వ ఆముదం దిట్టంగా రాసి, పిల్ల కయ్యిమంటున్నా వినకుండా గాజును పైకి తోసేసింది. ఎర్రగాజు గుచ్చేసి, ఏమీ ఎరగనట్టు పక్కింటికి పోయింది.

మూడు రోజుల్లో ఊరంతా అయింది. నాలుగోనాడు నీళ్లు ఇంకిపోయిన వంక దాటి గుడిసెలన్నీ తిరిగి, చివరికి కరువు పని జరిగేచోట అక్కమ్మ దగ్గరికి చేరింది. అక్కమ్మ కంకర కొడుతోంది. పక్కనే చీర కట్టిన నీడలో కొడుకు లింగన్న. రెండేళ్లు నిండినా కూర్చోలేడు. కదిరమ్మ గాజు తొడిగిందో లేదో, చంకదాకా జారింది. చెయ్యి దించితే ఊడి నేల మీద పడింది.

"ఏమే అక్కమ్మా, వీడిని గంజికి ఎత్తుకోని రాకూడదా?"

"యాడ వచ్చేది గాజులవ్వా? మీ ఊర్లో గంజి పోసేది పది గంటలకు. అప్పుడు మేము ఈడ సుత్తి పట్టుకోని ఉంటాము. పని ఇడిసి వస్తే రేపు రావద్దంటాడు మేస్త్రీ."

మర్నాడు నర్సమ్మ రెండు దారాలూ కదిరమ్మ ఇంట్లో చాప మీద పరిచింది. ఊరి దారంలో నలభై ఆరు గాజులుంటే ఎర్రవి పన్నెండు. వంక అవతలి దారంలో ఇరవై మూడింటికి పంతొమ్మిది ఎర్రవే. ఆ పంతొమ్మిది మందిలో ఒక్కరూ ఇంతవరకూ గంజి మొహం చూడలేదు.

"ముప్పై ఒకటైనాయి అవ్వా. ఒకరిని ఆపాల. చివర గుచ్చిన గాజు ఎవురిది?"

"లింగన్నది" అంది కదిరమ్మ. ఊరి దారం ముడి విప్పి, మొదటి ఎర్రగాజు తీసి నర్సమ్మ ఒళ్లో పెట్టింది. "ఇది దొంగ గాజు తల్లీ. మా అంజిది. ఆముదం రాసి ఎక్కించినా."

గడప దగ్గరున్న కోడలు నాగలక్ష్మమ్మ లబోదిబోమంది. "సొంత మనవరాలి నోటికాడ కూడు తీస్తివే అత్తా!"

నర్సమ్మ తిట్టలేదు. "ఇంకెవురికైనా రాసినావా?" అని మాత్రం అడిగింది.

"లేదమ్మా" అంది కదిరమ్మ తల దించుకుని. "ఇంకెవురి మీదా నాకంత ప్రేమ లేకపాయె."

ఆ సోమవారం నుంచి గంజి గుండిగ వంక దాటింది. మధ్యాహ్నం పని ఆపేవేళకు కంకర కుప్ప పక్కనే గంజి పోశారు. ఊళ్లోని పదకొండు మంది పిల్లల్నీ తల్లులు గొణుక్కుంటూనే ఎత్తుకొచ్చారు. కదిరమ్మ గాజుల మలారం పక్కన దించి, లింగన్నను ఒళ్లో వేసుకుంది. వాడు మొదటి గుక్క కక్కేశాడు. రెండోదీ అంతే. మూడోది మింగాడు.

"ఇంకొక్కటి, నా బంగారుకొండా, ఒక్కటంటే ఒక్కటి" అని బతిమాలుతూ చుక్కచుక్కగా పోసింది. గిన్నెలో సగం అయ్యేసరికి వాడు ఆమె రవిక అంచు పిడికిట పట్టుకుని నిద్రపోయాడు. అక్కమ్మ వచ్చి చేతులు చాచింది.

"ఉండనీలే, లేస్తాడు" అని కసిరింది కదిరమ్మ. పొద్దు వాలేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు.