పెద్దది చదివిన వాక్యం

చర్చి సంఘంలో అందరూ ఆమెను టీచరమ్మ అనేవాళ్లు. నిజానికి ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పింది లేదు. పెళ్లికి ముందు మందుల దుకాణంలో పనిచేసింది. ఆ అలవాటు పోక ఇంట్లో ఉప్పు డబ్బా నుంచి విత్తనాల పొట్లాల దాకా అన్నిటికీ పేర్లు రాసి అంటించేది. కూతుళ్లిద్దర్నీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తోందని ఆ పేరు పెట్టారు. మొదట్లో అందులో కాస్త ఎకసెక్కం ఉండేది. అయిదేళ్లు గడిచేసరికి ఎకసెక్కం అరిగిపోయి మర్యాదే మిగిలింది.

పొద్దున ఆరింటికల్లా వంటింటి బల్ల చుట్టూ నలుగురూ చేరేవాళ్లు. ఒక పాట, బైబిలు వాక్యం, ప్రార్థన. అవగానే ఆమె భర్త పనిముట్ల సంచీ భుజాన వేసుకుని లిఫ్టులు బాగుచెయ్యడానికి వెళ్లిపోయేవాడు. తల్లీ పిల్లలూ పెరట్లోకి దిగేవాళ్లు. పెరడంటే మరీ పెద్దదేం కాదు, ఎనిమిది మళ్లు, మధ్యలో ఇటుకలు పరిచిన బాట. టమాటా, చిక్కుడు, పాలకూర, ముల్లంగి, గోడ వారన గుమ్మడి తీగ. ఎండ ముదిరాక చేతులు కడుక్కుని మళ్లీ అదే బల్ల దగ్గర చదువు.

పెద్దదానికి పన్నెండేళ్లు. దాని చెయ్యి మంచిది. వాడిపోయిన నారు తెచ్చి పాతినా మూడో రోజుకి తలెత్తేది. చిన్నదానికి తొమ్మిది. చిట్టి అంటారు. అది కనపడ్డ కాగితమల్లా చదివేది, మందు సీసా మీద రాతతో సహా. పాఠానికి ముందు అక్కాచెల్లెళ్లిద్దరూ చిక్కుడు పందిరి కింద కూర్చుని గుసగుసలాడుకుంటుంటే తల్లి వంటింటి కిటికీలోంచి చూసి మురిసిపోయేది. బడికెళ్లే పిల్లల్లో ఈ ప్రేమ ఎక్కడుంటుంది అనుకునేది.

పెద్దదాన్ని బడి మాన్పించింది ఏడో ఏట. ఒక రోజు వాళ్ల టీచరు చీటీ రాసి పంపింది. పిల్లకి అక్షరాలు నిలవడం లేదని, ఇలాంటివి తెలిసినవాళ్లకి ఒకసారి చూపించమని. అది చదివి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా బిడ్డకి మతి లేదని చెప్తున్నారండీ వీళ్లు!" అంది భర్తతో.

"అలా ఎక్కడ రాశారు? ఒకసారి చూపిస్తే పోయేదేముంది?" అన్నాడాయన.

"దేవుడు మన చేతికిచ్చిన పిల్ల. ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పెడతామా?"

ఆయనకి వాదించే అలవాటు లేదు. ఆమె మూడు రోజులు ప్రార్థన చేసింది. నాలుగో రోజు పొద్దున మనసు తేలికపడింది. అదే జవాబనుకుంది. చీటీ చింపి పొయ్యిలో వేసింది. చిన్నదాన్నయితే అసలు బడి గడపే తొక్కనివ్వలేదు.

ఇదంతా ఆమె ఒక ఆదివారం సంఘం ముందు దేవుడు చేసిన మేలుకి సాక్ష్యంగా చెప్పింది. మతి లేదన్న పిల్ల ఇదిగో, ఇప్పుడు మీరే వినండి అంది. పెద్దది లేచి, గ్రంథం రెండు చేతుల్లో తెరిచి పట్టుకుని, ఒక అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒక్కచోట తడబడలేదు. చూపు పేజీ మీద నుంచి కదల్లేదు. ముందు వరసలో ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. పాస్టరుగారు కూడా గొంతు సవరించుకున్నారు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఆమెకి కాళ్లు నేలకి ఆనలేదు.

అది జరిగిన పది రోజులకి ఇటుకల బాటలో గడ్డి పెరిగిపోయిందని ఆయన పనిచేసే చోట తోటమాలిని అడిగి గడ్డిమందు తెచ్చాడు. తెల్ల డబ్బా. ఎరువు నీళ్లు కలిపి పెట్టుకునే డబ్బా కూడా తెల్లదే. అందుకని ఆమె జాగ్రత్తగా పెద్ద పెద్ద అక్షరాలతో 'గడ్డిమందు, మొక్కలకు కొట్టొద్దు' అని రాసి అంటించింది. మర్నాడు ఆమెకి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. చిట్టి తల్లి నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ మంచం దగ్గరే ఉండిపోయింది. పెద్దది ఒక్కతే పెరటి పని చూసుకుంది.

అయిదో రోజుకి ఆమె లేచి పెరట్లోకి వస్తే టమాటా ఆకులు పసుపెక్కి మెలితిరిగి ఉన్నాయి. ఆ వారంలోనే చిక్కుడు తీగ తాడులా ఎండింది. గుమ్మడి పిందెలు ముట్టుకుంటే రాలిపోయాయి. ఏదో తెగులనుకుంది. వేపాకు కాచి ఆ నీళ్లు కొట్టింది, బూడిద చల్లింది. ఏదీ పనిచెయ్యలేదు. చివరికి, ఇది మన విశ్వాసానికి పరీక్ష, ఇల్లంతా ఒకపూట ఉపవాసం ఉందాం అంది.

ఆ పూట పెద్దది బల్ల మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి దాని వీపు నిమిరింది. ఎంత మెత్తని మనసిచ్చావయ్యా దీనికి అని కళ్లు మూసుకునే కృతజ్ఞత చెప్పుకుంది.

శనివారం పొద్దున, మొక్కలెలాగూ పోయాయి, బాటైనా బాగుచేద్దామని గడ్డిమందు డబ్బా ఎత్తింది. తేలిగ్గా పైకి లేచింది. మూత తీసి చూస్తే ఖాళీ. పక్కనున్న ఎరువు డబ్బా నిండుగా ఉంది.

పిల్లలిద్దర్నీ పిలిచింది.

"ఇందులోది ఏమైంది?"

చిట్టి అక్క మొహంలోకి చూసింది. పెద్దది తన కాళ్ల వంక చూసుకుంది.

"మళ్లకి కొట్టాను. ఎరువనుకున్నాను."

"ఇంతింత అక్షరాలు రాసి పెట్టాను కదే! చదవలేదా?"

పెద్దది కాలి బొటనవేలితో మట్టి గీకింది.

"చదవలేదా అని అడుగుతున్నాను!"

"అప్పుడు చిట్టి లేదమ్మా," అంది పెద్దది.

ఆమెకి అర్థం కాలేదు. "చిట్టి లేకపోతే? చిట్టికీ దీనికీ ఏంటే సంబంధం?"

చిన్నది ఒక్కసారిగా గొల్లుమంది. "అక్కకి చదవడం రాదమ్మా! నేనే ముందు చదివి చెప్తాను. అక్క గుర్తు పెట్టుకుంటుంది. డబ్బా మీద రాతా మొక్కలెండాకే చదివి చెప్పాను. నీకు చెప్పొద్దంది. నేను చెప్పలేదు, నువ్వే అడిగావు."

నమ్మలేదామె. లోపలికి పరిగెత్తి గ్రంథం తెచ్చింది. మట్టి చేతులతోనే ఎక్కడో మధ్యలో తెరిచి పెద్దదాని చేతుల్లో పెట్టింది. "చదువు."

పిల్ల పేజీ వంక చూసింది. పెదవులు తడుపుకుంది. తర్వాత మొదలుపెట్టింది. స్పష్టంగా, తడబడకుండా, చూపు పేజీ మీద నుంచి కదపకుండా. ఆ ఆదివారం సంఘంలో వినిపించిన అధ్యాయమే అది. ఆ పేజీలో ఆ మాటలు ఒక్కటీ లేవు.

తల్లి ఆపమనలేదు. నాలుగు వాక్యాలయ్యాక పిల్లే తల్లి మొహం చూసి ఆగిపోయింది.

అప్పుడు ఆమె చెయ్యి లేచింది. అంతకు ముందెప్పుడూ బిడ్డ మీద చెయ్యి చేసుకుని ఎరగదు. చెంప మీద వేళ్లకున్న మట్టి అంటుకుంది. పెద్దది ఏడవలేదు.

"ఉపవాసం రోజు దేవుణ్ణి చాలా గట్టిగా అడిగానమ్మా," అంది. "మొక్కలు బతికితే నువ్వు డబ్బా చూడవని."

అయిదేళ్లు. మొదట్లో తను చదువుతుంటే విని, చిట్టికి చదవడం వచ్చాక ప్రతి పొద్దునా పందిరి కింద కూర్చుని, ఆ పిల్ల భయంతో పాఠం బట్టీ పట్టింది. కిటికీలోంచి చూసి తను దాన్ని ప్రేమ అనుకుంది. రాతపని వచ్చినప్పుడల్లా చెయ్యి నొప్పనేది. అక్షరాలు తిరగేసి రాస్తే తొందరపాటు అని తను దిద్దేది. ఊరందరికీ పిల్లల్ని పెంచడం ఎలాగో చెప్పింది తను. దీపం కింద చీకటంటే ఏమిటో ఆ పూట తెలిసింది ఆమెకి.

వారం తర్వాత, చదువు పట్టుబడని పిల్లల్ని చూసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లారు. చిన్న గది, బల్ల మీద కొయ్యతో చేసిన అక్షరాలు. ఆవిడ పెద్దదానితో రెండు గంటలు గడిపి, తర్వాత తల్లిదండ్రుల్ని పిలిచింది.

"పాప తెలివికేం లోటు లేదు. జ్ఞాపకశక్తి చూసి నేనే ఆశ్చర్యపోయాను. అక్షరాలే ఆమెకి మనకి కనిపించినట్టు కనిపించవు. ఇలాంటి పిల్లలు చాలామందే ఉంటారు. ఇంతకు ముందు మీకెవరూ చెప్పలేదా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"చెప్పారు," అంది ఆమె.

"ఎప్పుడు?"

"ఏడో ఏట."

ఆవిడ రాస్తున్నదల్లా ఆపింది. తిట్టలేదు. "ఇప్పుడైనా నేర్పుదాం," అంది. "కాకపోతే అప్పుడు ఆడుతూ పాడుతూ వచ్చేది ఇప్పుడు చెమటోడిస్తే కొంత వస్తుంది. ఎంతని మాత్రం నేను చెప్పలేను. అన్నిటికంటే ముందు పాపకి భయం పోవాలి."

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆయన అన్నాడు, "ఒకసారి చూపిద్దామన్నాను." అంతే. ఎడాపెడా తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి చాలా రోజులు అనిపించింది.

పిల్లలిద్దరూ బడిలో చేరారు. చిట్టి వయసుకి తగ్గ తరగతిలోకే వెళ్లింది. పెద్దదాన్ని సగం పూట ఎనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోబెట్టారు. మోకాళ్లు బల్ల కింద పట్టక అది పక్కకి తిరిగి కూర్చునేది. చిన్నపిల్లలు దాన్ని కొత్త టీచరనుకుని లేచి నమస్కారం పెట్టారట మొదటి రోజు. ఆ సంగతి చిట్టి నవ్వుతూ చెప్పబోయి సగంలో మానేసింది.

ఆమె సంఘంలో నిజం చెప్పాలనుకుంది. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. "ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. నా బిడ్డకి చదవడం రాదు. నా గర్వంతో దాని అయిదేళ్లు పాడుచేశాను."

పాస్టరుగారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "నిన్ను కుంగదీయాలని సైతాను చూస్తున్నాడమ్మా. నువ్వు చేసిన సేవ దేవుడికి తెలుసు. అందరం ప్రార్థన చేద్దాం," అన్నారు. అందరూ చేశారు. గట్టిగా, కన్నీళ్లతో చేశారు. తర్వాత పాట అందుకున్నారు. ఆమె చెప్పిన మాట ఆ పాటలో కలిసిపోయింది.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ముందు వరసలో కూర్చునే పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, ఆ రోజు నీ సాక్ష్యం విన్నాక మా మనవరాల్ని కూడా బడి మాన్పించేశామమ్మా. దానికీ చదువు ఎక్కడం లేదంటున్నారు ఆ బడివాళ్లు."

"వద్దండీ, మాన్పించొద్దు. నేనిప్పుడు చెప్పింది విన్నారు కదా! రేపే పంపించండి, ఎవరికైనా చూపించండి."

"ఎంత వినయమమ్మా నీది!" అని పెద్దావిడ నవ్వి, బుగ్గ నిమిరి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆరింటికి బల్ల దగ్గర ఆమె అలవాటుగా పెద్దదాని తల మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. పిల్ల ఆ చేతిని మెల్లిగా తీసి పక్కన పెట్టింది.

"నా కోసం అడగొద్దమ్మా."

"అదేంటే, అలాంటి మాటనకూడదు."

"నువ్వు అడుగుతావు. అది జరిగినట్టు నేను చెయ్యాలి. నాకిక చేతకాదమ్మా."

ఆయన కళ్లు తెరిచి కూతుర్ని చూశాడు, సంచీ తీసుకుని బయటికి నడిచాడు. చిట్టి బల్ల మీద వేళ్లతో గీతలు గీస్తూ కూర్చుంది. ప్రార్థన చెయ్యకుండానే ఆమె గ్రంథం మూసేసింది.

పెరట్లో ఎనిమిది మళ్లూ బోడిగా ఉన్నాయి. ఇప్పట్లో ఏమీ వెయ్యొద్దని తోటమాలి చెప్పాడట. వెయ్యాలన్న కోరికా ఆమెకి లేదు. ఇల్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఖాళీ. గిన్నెలు తోమినవే తోమేది. మూడింటికి బయల్దేరి బడికి వెళ్లేది.

గేటు దగ్గర నిలబడొద్దని పెద్దది చెప్పింది. నిలబడితే పిల్లలు, మీ అమ్మేనా ఇంట్లో నీకు చదువు చెప్పింది అని అడుగుతున్నారట. అందుకని ఆమె వీధి మలుపులో, చెప్పులు కుట్టే దుకాణం పక్కన నిలబడేది. గంట కొట్టగానే పిల్లలంతా గుంపుగా బయటపడేవాళ్లు. చిట్టి స్నేహితురాళ్లతో వెనక ఉండిపోయేది. పెద్దది ఒక్కతే తల వంచుకుని వచ్చేది, తల్లిని దాటేది, ఆగేది కాదు. నాలుగడుగులు ముందుకి పోనిచ్చి ఆమె వెనకే నడిచేది. ఇల్లు వచ్చేదాకా వాళ్లిద్దరి మధ్యా ఆ నాలుగడుగులూ అలాగే ఉండేవి.