ముప్పై ఏడు సార్లు తెరిచిన మెయిలు

నేను ఒక గోడ టీవీని. నలభై మూడు అంగుళాల తెర, వెనక రెండు మేకులు, కింద ఒక ప్లగ్గు, అంతే నా సంసారం. నోరు లేనిదాన్ని కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక ఈ కోపం దాచుకుంటే నాలో తీగలు కాలిపోతాయి.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తొడుగులు వేసుకున్న ఆడపిల్లల చేతులు నన్ను బిగించాయి. నా అట్టపెట్టె మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉండేది. అలాంటి ఇంటికే వెళ్తానని ఆశపడ్డాను. రాజమండ్రిలో రక్తపరీక్షలు, గడ్డల పరీక్షలు చేసే ఒక సెంటరువాళ్ళు కొని, కింది హాల్లో తగిలించారు. అదీ బాగానే ఉండేది. పొద్దున్నే నాలో అభిషేకం వచ్చేది. పరగడుపున రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది నొక్కుకుని కూర్చున్నవాళ్ళు తల వంచి దణ్ణం పెట్టుకునేవారు. ఆ దణ్ణాలు నాకు కావని తెలుసు. అయినా అవి నా మీదుగానే వెళ్తున్నాయి కదా అని సంతోషంగా ఉండేది.

ఆ సంతోషం ఏడాది నిలవలేదు. మార్కెటింగ్ మేనేజరు శశికిరణ్ నన్ను ఊడదీయించి మేడమీద తన గదిలో పెట్టించాడు. ఆ రోజు నుంచి నా పేరు డ్యాష్‌బోర్డు. పరీక్షకు వచ్చినవాళ్ళ దగ్గర రిపోర్టు పంపడానికని మెయిల్ అడ్రసు తీసుకుంటారు. ఆ అడ్రసులకే ప్రకటనలు కూడా పంపుతారు. ఎన్ని పంపారు, ఎందరు తెరిచారు, ఎందరు లోపలి బటన్ నొక్కారు, ఎందరు విసిగి ఫిర్యాదు చేశారు, ఈ లెక్కలు నా మీద నాలుగు గళ్ళలో కదులుతుంటాయి.

ఉగాది శుభాకాంక్షలు పంపితే నూటికి తొమ్మిది మంది తెరిచారు. శశికిరణ్ ముఖం మాడిపోయింది. మెయిళ్ళు రాసే హైమావతిని పిలిచాడు.

"హైమా, పైన 'మీ రిపోర్టు గురించి ముఖ్య విషయం' అని పెట్టు. లోపల మన నలభై శాతం డిస్కౌంటు పెట్టు."

"అదేంటి సార్! నిజంగా రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్ళు హడలిపోరూ?"

"హడలిపోతేనే కదమ్మా తెరిచేది! నువ్వు చేరింది ఆఫీసులోనా, మఠంలోనా?"

హైమావతి తలవంచుకుని రాసింది. నూటికి అరవై నాలుగు మంది తెరిచారు. నా ముందే కేకు కోసి, మీగడ అంటిన వేలితో ఆ అంకెను నా మీద చూపించుకుని మురిసిపోయారు. అందులో ఎన్ని గుండెలు దడదడలాడాయో చూపించే గడి నాలో లేదు. నాకు ఎవరూ పెట్టలేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున కంప్యూటర్లకూ ప్రింటర్లకూ పెట్టినట్టే నాకూ గంధం పూసి, దాని మీద అర్ధరూపాయంత కుంకుమ పెట్టారు. అది సరిగ్గా ఫిర్యాదుల గడి మీద పడింది. మర్నాడు హైమావతి తుడవబోతే శశికిరణ్ అడ్డుపడ్డాడు. "పూజ చేసిన బొట్టు తుడుస్తారటమ్మా? అరిష్టం!" అన్నాడు. కుంకుమ మీద నాకు కోపం లేదు, అది అమ్మవారిది. దాని చాటున హాయిగా కూర్చున్న మనిషిని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. పూజ గది ఆయన ఇంట్లో కూడా ఉంటుంది కదా, అక్కడ ఏమని మొక్కుకుంటాడో!

బొట్టు కింద అంకె రోజూ పెరిగింది. ఒకచోటి నుంచి వచ్చే మెయిళ్ళ మీద ఫిర్యాదులు ఎక్కువైతే, అక్కడి నుంచి ఏది వచ్చినా చాలామందికి స్పామ్‌లో, అంటే చెత్తబుట్టలో పడుతుంది. మా సెంటరు పంపే అసలు రిపోర్టులు కూడా అందులోనే పడసాగాయి. ప్రకటనలు మాత్రం, వాటిని మాటిమాటికీ తెరిచేవాళ్ళకు పైనే కనపడేవి. మేడమీద ఎవరికీ తెలియలేదు.

కార్తీకంలో, ఎక్కువసార్లు తెరిచినవాళ్ళ జాబితాలో ఒక పేరు నా మీద అన్నిటికన్నా పైకి వచ్చింది. మంగతాయారు, మండపేట. మా ప్రకటనలను ముప్పై ఏడు సార్లు తెరిచింది.

"చూశావా హైమా, ఈవిడకి మనమంటే ప్రాణం! పిలిపించు, వీడియో తీద్దాం" అన్నాడు శశికిరణ్.

ఎక్కువ తెరిచేవాళ్ళకు ఎక్కువ పంపాలన్నది ఇక్కడి పద్ధతి. అప్పటికే ఆవిడకు 'ఇంకా ఆలస్యం చేస్తారా?' అనే మెయిలు కూడా వెళ్ళింది.

పిలిచిన మర్నాడే వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. చేతిలో సంచి, అందులో రెండు చీరలు, ఒక దుప్పటి, గ్లాసు. ఆసుపత్రిలో ఉంచేస్తారనుకుని సర్దుకుని వచ్చింది. శశికిరణ్ ఫోను ఎత్తి పట్టుకుని, "అమ్మా, మా మెయిల్లో మీకంత నచ్చిందేమిటో చెప్పండి" అన్నాడు.

"నచ్చడవేంటి బాబూ!" అంది మంగతాయారు. "నా రొమ్ములో గడ్డకి సూదేసి తీశారు గదా. ఫోన్ సేత్తే మెయిల్లో పంపేశాం, సూస్కోమన్నారు. ఇప్పితే డిస్కౌంటంటంది. నాకు సదవడం రావట్లేదేవో అని మళ్ళీ ఇప్పేను. అడుగునెక్కడైనా రాసుంటదేవో అని మళ్ళీ ఇప్పేను. ఉందా, లేదా? అదొక్కటీ సెప్పెయ్యండి."

శశికిరణ్ ఫోను దించాడు. హైమావతి కిందికి పరుగెత్తి కాగితం తెచ్చింది. రిపోర్టు ఇరవై రెండు రోజుల కిందటే పంపారు. మంగతాయారు ఫోన్లో వెతికితే స్పామ్‌లో ఉంది, ఒక్కసారి కూడా తెరవకుండా. అందులో 'వెంటనే పెద్దాసుపత్రిలో చూపించుకోవలెను' అని రాసి ఉంది.

హైమావతి చదివి, నా దగ్గరికి వచ్చి చున్నీతో ఆ బొట్టు తుడిచేసింది. ఫిర్యాదులు పందొమ్మిది వందల పన్నెండు.

"హైమా, అరిష్టమని చెప్పానా..." అంటూ నసిగాడు శశికిరణ్.

"అరిష్టం ఇరవై రెండు రోజుల కిందటే వచ్చేసింది సార్. పదండి పిన్నిగారూ, ఆటోలో వెళ్దాం. ఆ సంచి ఇలా ఇవ్వండి."

ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

హైమావతి మళ్ళీ వచ్చింది నిన్ననే, రాజీనామా ఇవ్వడానికి. ఆపరేషను అయిందట, ఇంకా మందు ఎక్కించాలట. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టరు కసిరితే, "మెయిలు సూత్తన్నానండి" అందట.

అప్పుడు హైమావతి కళ్ళు నా మీద పడ్డాయి. ఆసుపత్రి మంచం మీద మెయిళ్ళు తెరవలేదు కాబట్టి, మంగతాయారు పేరు 'ఆసక్తి తగ్గినవారు' అనే జాబితాలోకి దిగిపోయింది. అలాంటివారికి వెళ్ళే మెయిలు దానంతటదే సిద్ధమై ఉంది.

"ఆ పేరు తీసేయండి సార్, మీకు పుణ్యముంటుంది."

"ఒక్క పేరు తీస్తే లిస్టంతా మళ్ళీ చేయాలమ్మా. పై నెల చూద్దాంలే."

ఒంట్లోంచి చుక్క తీసి, అద్దం కింద పెట్టి, కంటికి కనపడని జబ్బును పట్టుకుంటారు వీళ్ళు. ఎదురుగా నిలబడ్డ మనిషి మాత్రం వీళ్ళకు ఆనదు. దేవుడు నాకు చూపించడం ఇచ్చాడు, ఆపడం ఇవ్వలేదు. మరి రెండూ ఇచ్చినవాళ్ళను ఆయన ఏమీ అడగడా?

ఇప్పుడు తొమ్మిది యాభై అయిదు. మెయిలు సరిగ్గా పదింటికి వెళ్తుంది. దాని మొదటి వరుస ఆకుపచ్చగా నా గుండెల మీదే వెలుగుతోంది: 'మమ్మల్ని మరిచిపోయారా, మంగతాయారు గారూ?'