వయోలాల పన్నెండు గళ్ళు

గ్రేచ్కా గింజల జావ పొంగిపోతోంది. చేతిలో కలం ఉంది కనక పొయ్యి దగ్గరికి పరుగెత్తలేకపోయాను. మా ఆయన గ్లెబ్ పెద్ద వాద్యబృందం కోసం కొత్తగా కట్టిన కృతిని ఒక్కొక్క వాయిద్యానికీ విడివిడిగా ఎత్తి రాస్తున్నాను. మొదట గంటలు, తర్వాత ఇనుము ఒరుసుకున్నట్టు బాకాలు, ఆపైన తంత్రీవాద్యాలన్నీ కదలకుండా గడ్డకట్టిన నేవా నదిలా ఉండిపోవడం. ఆ తర్వాత వయొలిన్ కన్నా కాస్త పెద్దగా, మంద్రంగా పలికే వయోలాలు మాత్రమే మోగాలి. కానీ అతని రాతప్రతిలో అక్కడ పన్నెండు తాళపు గళ్ళు ఖాళీ.

అడిగితే బూట్లు తొడుక్కుంటూ, "ఏదో ఒకటి వేసెయ్, కాపా, నా ధోరణి నీకు తెలుసుగా" అన్నాడు.

ఇద్దరం ఒకే గురువు దగ్గర స్వరరచన చదివాం. పెళ్లయిన వారానికే అత్తగారు, ఇంట్లో ఇద్దరూ సంగీతం రాస్తూ కూచుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను, పిచ్చిదాన్ని. పదకొండేళ్ళుగా నాదంటూ ఒక్క స్వరం రాయలేదు. గిన్నెలు తోముతూ గొంతులోనే పాడుకునే పాటొకటుంది. ఆ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే. దాన్నే ఆ గళ్ళలో రాశాను.

మొదటి రిహార్సల్లో వాద్యబృందం సంచాలకుడు వికెంతి ఒసిపోవిచ్ అక్కడ ఆపి, మళ్ళీ వాయించమన్నారు. వయోలా వాయించే ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఇంత ఒంటరితనం ఎక్కడ దాచుకున్నావయ్యా?" అన్నారు వికెంతి గారు గ్లెబ్‌తో. "మరి నా ముందున్న నీ రాతప్రతిలో ఇక్కడ ఖాళీగా ఉందేం?"

"అది నా చిన్ననాటి చలికాలం," అన్నాడు గ్లెబ్ తల వంచుకుని. "చివర్లో రాశాను. ప్రతిలోకి ఎక్కించడం మా ఆవిడ మరిచిపోయింది."

ఏడో వరుసలో అతని కోటు, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గ్లెబ్ నా వైపు చూడలేదు. ట్రాములో అడిగితే, రాసిపెట్టేవాళ్ళ చెయ్యి ఎక్కడో కాస్త పడుతుందిలే, దానికింత రాద్ధాంతమా అన్నాడు. ఏడుపు రాలేదు.

చివరి రిహార్సల్‌కి ముందు తప్పులు దిద్దడం నా పనే. జిగురు, ఖాళీ కాగితం ముక్కలు పట్టుకుని అందరికన్నా ముందే వెళ్ళి, వయోలాల కాగితాలన్నిటి మీదా ఆ పాట కనపడకుండా అంటించేశాను.

గంటలు మోగాయి. బాకాలు, మంచులా తంత్రీవాద్యాలు. తర్వాత ఏమీ లేదు. వికెంతి గారి చెయ్యి ఉత్త గాలిలో ఊగి ఆగింది. ముసలాయన అతుకు మీద వేలు పెట్టాడు, పీకలేదు.

"కాపా, వయోలాల పాటేమైంది?" గ్లెబ్ గొంతు హెచ్చింది.

అతని కోటు కుర్చీలో వదిలేసి వేదికెక్కాను. వికెంతి గారి ముందున్న గ్లెబ్ రాతప్రతిలో ఇంకా ఖాళీగానే ఉన్న ఆ పేజీ తీసి అందరికీ చూపించాను.

"మీరు రాసింది రాసినట్టే ఎత్తి రాశాను, గ్లెబ్ అర్కాద్యెవిచ్. చలికాలం మీదేగా, రాయండి."

నా కలం అతని చేతిలో పెట్టాను. తొంభై మంది వాయిద్యాలు దించి ఎదురుచూశారు. ఆ పాట ఏ స్వరంతో మొదలవుతుందో అతనికి గుర్తులేదు.