రెండు రింగుల కబురు

యూనీస్ కొడుకు జాబెజ్, బళ్లారి బజారులో బట్టల అంగడి రాజలక్ష్మి కొడుకు సచిన్ ఒకే యుద్ధనౌకలో నావికులు. ఓడ సముద్రం మీదున్నన్నాళ్లూ వాళ్ల చేతికి ఫోన్లుండవు. ఓడ రేవు చేరాక ఎవరి కొడుకు ముందు ఫోన్ చేస్తే ఆ తల్లి రెండో ఆమెకు రెండు రింగులిచ్చి కట్ చేయాలి. ఓడ క్షేమమని దానర్థం.

కొడుకు క్షేమం కోసం ఉపవాస ప్రార్థనలో ఉన్న యూనీస్‌కు రెండు రింగులొచ్చాయి. కడుపునిండా తిని, అంగడికి వెళ్లింది.

"సచిన్ ఏమన్నాడక్కా?"

"వాడు యాడ చేసినాడు? నువ్వు తింటావని నేనే కొట్టినా."

యూనీస్ విసవిసా వచ్చేసింది.

మర్నాడు రాజలక్ష్మి కొడుకు దిగులుతో అంగడి తెరవక లోపలే కూర్చుంది. మూసిన షట్టరు ముందు నిలబడి యూనీస్ రెండు రింగులిచ్చింది. జాబెజ్ ఇంకా ఫోన్ చేయలేదు. రాజలక్ష్మి నమ్మిందో లేదో గానీ, కాసేపటికి షట్టరు లేచింది.