వరసకు మామ, వరసలో యాభై ఎనిమిది

నా పని బరువులు చూడడం. చిత్తూరు దాటినాక ఉండే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా వేబ్రిడ్జి మీద కూర్చోనుండాను. లోకం బరువంతా నేను చూస్తా, నా బరువు మాత్రం ఎవురినీ చూడనీను. సీజన్ వస్తే మా గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపల మిషన్లు రెండున్నా తిరిగేది ఒకటే, అది రోజుకు ముప్ఫై బండ్లే మింగుతుంది. బయట ఎప్పుడూ యాభైకి తగ్గవు. మామిడికాయకేమో ఓపిక తక్కువ. కోసిన మూడో రోజుకే మెత్తబడి అలుగుతుంది. అలిగిన కాయను మావోళ్ళు లోపలికి రానీరు.

ఆ బారుకొక రాజ్యాంగం ఉండాది. దాన్ని ఎవురూ రాయలేదు, ఎవురూ చదవలేదు. బహుశా అందుకే అందరూ పాటిస్తారు. తిరుపతి బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు పడేస్తే సీటు మనదయిపోతుంది కదా, ఈడ కూడా అదే చట్టం. రైతు అన్నానికో, చెట్టు చాటుకో పోవాలంటే తాళం బండికే వదిలి, స్టీరింగు మీద తువ్వాలు వేసి పోతాడు. బారు కదిలినప్పుడు ఎనకోడు దిగొచ్చి, తువ్వాలున్న బండిని ముందుకు నడిపి, మళ్ళా తన బండెక్కుతాడు. తండ్రీకొడుకులు పొలం గట్టు జరుపుకున్న ఊర్లున్నాయి గానీ, తువ్వాలు జరిపినోణ్ణి నేను చూడలేదు.

ఈ ఏడు సీజన్ మొదలవతానే బెంగుళూరు హెడ్డాఫీసు నుంచి స్రవంతి మేడం వచ్చింది. వచ్చీ రాంగానే క్యాంటీన్ గోడకు 'మన విలువలు' అని బోర్డు తగిలించింది. అందులో నిజాయితీ, గౌరవం, సమానత్వం అని మూడు రాసి, నాలుగోది ఖాళీ పెట్టింది. అది మేమే చెప్పాలంట. విలువలకూ వలువలకూ ఒక్క గుడే తేడా మేడం, కొండ కింద బతికే మాకు గుడి విలువ మీరు చెప్పాల్నా అని నేను గొంతెత్తినాను. ఆమె నవ్వలేదు. నోట్ చేసుకునింది.

అప్పుడు లేచినాడు ధనశేఖర్. గేటు దగ్గర టోకెన్లిచ్చే గుమస్తా. సన్నగా ఉంటాడు. గట్టిగా మాట్లాడితే పాపమని ఎవురో చెప్పినట్టుంటాడు. "వరస" అన్నాడు. "ముందొచ్చినోడు ముందు. నా చేతి మీదుగా ఏ బండీ వరస తప్పదు." మేడం చప్పట్లు కొట్టి, నాలుగో విలువగా దాన్నే రాయించి, కింద శేఖర్ పేరు కూడా వేయించింది. గోడ మీద పేరు పడిన మనిషికి కష్టాలు ఆ గోడ దారిలోనే వస్తాయి. శేఖర్‌కు మాత్రం అవి బండి కట్టుకోని వచ్చినాయి.

వారం తిరక్కముందే ఒక సోమవారం పొద్దున్నే అతని మామ చిన్నబ్బ వచ్చినాడు. పిల్లనిచ్చిన మామ. తవణంపల్లి పక్కన నాలుగెకరాల తోట. ట్రాలీ ఎనకాల కూతురి పేరు, 'మునిలక్ష్మి' అని, ఎర్ర పెయింటుతో రాయించుకున్నాడు. ఆదివారం కోసిన కాయ. అల్లుడు మర్యాదగా చేతులు కట్టుకోని, అంతకన్నా మర్యాదగా టోకెన్ చేతిలో పెట్టినాడు. నంబరు యాభై ఎనిమిది. వరసకు మామ, వరసలో యాభై ఎనిమిది!

పెద్దాయన అనాల్సింది కూతురు ఫోన్లో అనింది. శేఖర్ స్పీకర్ ఆపడం మర్చిపోయినాడు కాబట్టి నేనూ విన్నాను. ఆ కాయ మెత్తబడి ఎనక్కొస్తే మా నాయన ఏడాది కష్టం గుట్టలో పోసినట్టే, ఎట్లన్నా చేసి ముందు దించి పంపు అనింది. కుదరదని ఇతను నసిగినాడు. "సరే. ఇంట్లో కూడా వరసే పెడతా" అని పెట్టేసింది.

లెక్క చెప్తే మీకూ అర్థమవుతుంది. మొదటి రోజు ముప్ఫై బండ్లు పోయినాయి. మంగళవారం మిగిలినవి ఒక్కోటీ పోయి యాభై ఎనిమిది వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర అవుతుంది. ఆ ఎండకు చిన్నబ్బ కాయ మధ్యాహ్నం మూడు దాటితే నిలబడదు. నేను కాయను ఒత్తి చూసి చెప్పినాను. బరువు చూసే చెయ్యి కదా, మెత్తదనం కూడా తెలుసు.

మంగళవారం పది గంటలప్పుడు ముప్ఫై ఆరో బండి నా కాటా మీద ఉండాది. చిన్నబ్బకు ఆకలేసింది. తువ్వాలు వేద్దామంటే అది ఆయన నెత్తి మీదుండాది. నీళ్ళల్లో తడిపి చుట్టుకున్నాడు. సీటు కింద చెయ్యి పెడితే ఇంకో గుడ్డ తగిలింది. పోయిన నెల ఏదో మీటింగుకు పోతే బిర్యానీ పొట్లంతో పాటు మెడలో వేసిన పార్టీ కండువా. రంగు చెప్పను; చెప్తే నాకు రంగు పడుతుంది. దాన్నే స్టీరింగు మీద పరిచి, రాగిసంగటీ ఊరిబిండి పచ్చడీ తినేదానికి హోటలుకు పోయినాడు.

ఎనక బండి రైతు తల ఎత్తి చూసినాడు. ముందర బండి మీద పార్టీ కండువా. ఆ పార్టీ మండల నాయకుడు రఘునాథ్ బండి వస్తుందని రెండు రోజులుగా పుకారు ఉండనే ఉండాది. ఇది ఆయనదే అనుకున్నాడు. పెద్దోళ్ళ బండిని ఈడ పెట్టుకుంటే మనకే చేటని దిగొచ్చి, దాన్ని బారులోంచి పక్కకు తీసి ముందుకు నడిపించినాడు. దాని ముందరోళ్ళు కండువాను చూసి దారిచ్చినారు. వాళ్ళను చూసి వాళ్ళ ముందరోళ్ళు ఇచ్చినారు. ఎవురూ ఎవురినీ అడగలేదు. ఒక్క మాటా, ఒక్క ఫోనూ లేకుండా ట్రాక్టరు గేటు దగ్గరికొచ్చి నిలబడింది. నడిపినోడు దిగి తన బండి దగ్గరికి పోయినాడు. వాచ్‌మన్ రామచంద్ర ఆ ఖాళీ సీటుకు సెల్యూట్ కొట్టి గేటు బార్లా తెరిచినాడు.

అందరూ స్టీరింగు మీది కండువా చూస్తా ఉంటే, శేఖర్ ఒక్కడే ట్రాలీ ఎనకాల పెండ్లాం పేరు చూసినాడు.

నేను దిగి పోయి అతని చెవిలో చెప్పినాను. నువ్వేమీ తప్పు చెయ్యలేదబ్బా, బండి దానంతటదే వచ్చింది, దానంతటదే పోనీ, నేను బరువు వేసేస్తా అని. నా విలువలు ఎప్పుడూ వేబ్రిడ్జి మాదిరే, పైన ఎవురుంటే వాళ్ళ వైపు ఒరుగుతాయి. అతను ఆ ఎర్రక్షరాల వైపు చూసినాడు. తర్వాత తనే బండెక్కి, దాన్ని గేటు పక్కన వేపచెట్టు కింద ఆపి, కండువా మడిచి జేబులో పెట్టుకోని దిగినాడు.

"ముప్ఫై ఏడు రావాల" అన్నాడు. గొంతు ఎప్పటి మాదిరే సన్నం, అంకె మాత్రం గట్టి.

అంతలో చిన్నబ్బ తేన్చుకుంటా వచ్చినాడు. తన బండి గేటు పక్కన చూసి, మా అల్లుడు బంగారమని నలుగురికీ వినపడేటట్టు మొదలుపెట్టి, అసలు సంగతి తెలిసినాక ఆ బంగారాన్ని కాకిబంగారం చేసినాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద హారన్ మోగింది. తెల్లకారు, దాని ఎనకాల కొత్త ట్రాక్టరు. కారులోంచి ఇస్త్రీ చొక్కాతో రఘునాథ్ దిగినాడు. తన బండి ఎవురూ చెప్పకుండానే లోపలికి పోతుందని ఆయన నమ్మకం. రామచంద్ర అడ్డం వచ్చినాడు.

"మీ బండి వచ్చేసింది సార్. అదో, చెట్టు కింద పెట్టించినాం. మా శేఖర్ దాన్ని కూడా వరసలోనే రావాలన్నాడు."

రఘునాథ్ చెట్టు కింద బండిని చూసినాడు. దాని చుట్టూ యాభై మంది రైతులు ఆయన్ని చూస్తా ఉండారు. పంచాయతీ ఎలక్షన్లు దగ్గరలో ఉండాయి. అది నాది కాదంటే, అయితే మీది ఈ కొత్తదేనా సార్, వరస లేకుండా ఎట్లొచ్చిందని ఎవురైనా అడుగుతారు. నాదే అంటే బతికిపోతాడు. గేటు దగ్గరికొచ్చిన స్రవంతి మేడం అప్పటికే ఫోను పైకెత్తి ఫోటోకు సిద్ధంగా నిలబడింది. రాజకీయ నాయకుడికి ఆలోచించేదానికి ఫోటోకు పట్టేంత టైమే ఉంటుంది.

"నాదే" అన్నాడు రఘునాథ్. "నా బండైనా వరస వరసే. ఈ అబ్బాయి చేసింది కరెక్టు."

చప్పట్లు పడినాయి. కొత్త ట్రాక్టరు చప్పుడు లేకుండా ఎనక్కు తిరిగి బారు చివర చేరింది. దాని టోకెన్ నూట పన్నెండు. అంతటితో అయిపోయేదే. కానీ చిన్నబ్బ నోరు తెరిచినాడు.

"మంచిది సామీ. నీదైతే నువ్వే ఈడ నిలబడి దించుకో. నా వంతు వచ్చేదాకా ఎండలో నిలబడి నాకు కాళ్ళు పోతా ఉండాయి." ఆ మాట అని, తడి తువ్వాలు పిండుకోని, చెట్టు మొదట్లో కునుకుకు ఒరిగినాడు.

అది చిన్నబ్బ బండని రైతులందరికీ అప్పుడు అర్థమయింది. ఒక్కడు కూడా బయటికి అనలేదు. నవ్వు మింగితే ఎంత బరువుంటుందో నాకు ఆ రోజు తెలిసింది. రఘునాథ్‌కు కుర్చీ తెచ్చి ట్రాలీ పక్కన వేసినారు. మజ్జిగ ఇచ్చినారు. కదిలేదానికి మాత్రం దారివ్వలేదు. ప్రతి రైతూ వచ్చి, మీ కాయ బాగుండాది సార్, కానీ మెత్తబడతా ఉండాదని పరామర్శించి పోయినాడు. గంటన్నర వడగాలి తగిలేసరికి ఆయనకు చివర ఉండే తన అసలు బండి గుర్తొచ్చింది. నూట పన్నెండంటే గురువారం మధ్యాహ్నం. అప్పటికి అది గుజ్జు ఫ్యాక్టరీకి రాకముందే గుజ్జయిపోతుంది.

ఆయన మేనేజరుకు ఫోను చేసినాడు. నా బండి ముందు పంపమని అడిగే దారి ఎట్లాగూ లేదు కాబట్టి, రెండో మిషను ఎందుకు ఆపినారని అడిగినాడు. మనుషులు చాలరని మేనేజరు అన్నట్టుండాడు. నేను ఇరవై రెండేళ్ళుగా వింటున్న మాటే అది. అరగంటలో ప్యాకింగ్ నుంచి పదిమంది వచ్చినారు. పన్నెండుకు రెండో మిషను గర్జించింది. నలభై ఎనిమిదేళ్ళ నా బతుకులో ఒక నాయకుడు బారులో కూర్చుంటే బారు కదలడం అదే మొదటిసారి చూడడం.

యాభై ఎనిమిది వంతు మూడు కాకముందే వచ్చింది. శేఖర్ నంబరు పిలిచినాడు. చిన్నబ్బ లేచి తన బండి తనే నడుపుకుంటా నా కాటా మీదికొచ్చినాడు. రఘునాథ్ కుర్చీలోంచే చెయ్యి ఊపినాడు, తనది పోతున్నట్టే. లోపల రెండు క్రేట్ల కాయ మెత్తదని పక్కన పెట్టినారు. మిగతాదంతా దిగింది. ఆ మెత్తకాయల్లో కొన్నిటిని పెద్దాయన అల్లుడి జేబులోంచి కండువా లాగి మూట కట్టినాడు. దేనికైనా ఒక ఉపయోగం ఉండాల కదప్పా అన్నాడు. క్యాంటీన్ బోర్డు పక్కన మర్నాడు ఫోటో వేసినారు. అందులో రఘునాథ్ నవ్వుతా ఉంటాడు. శేఖర్ మోచెయ్యి కనిపిస్తుంది.

ఆ మంగళవారమే చీకటి పడకముందే శేఖర్ వాళ్ళింటికి నేనూ పోయినాను, పెద్దాయన పిలిస్తే. మునిలక్ష్మి మొదట వాళ్ళ నాయనకు పెట్టింది. తర్వాత నాకు పెట్టింది, ఊరిబిండి ఇంకొంచెం వేసి మరీ. మొగుణ్ణి చూడను కూడా చూడలేదు.

"నీ టోకెన్ ఎంత?" అనింది, మామిడిపండు కోసుకుంటా.

శేఖర్ నా పక్కనుండే పీట మీద భుజం మీది తువ్వాలు తీసి వేసి, చేతులు కడుక్కునేదానికి పెరట్లోకి పోయినాడు. తిరిగొచ్చేసరికి తువ్వాలు వేసింది వేసినట్టే ఉండాది. దాని ముందర అన్నం తట్టలో పొగలు కక్కతా సంగటి ముద్ద.

"ఏం జేసేది" అనింది మునిలక్ష్మి వాళ్ళ నాయన వైపు తిరిగి, "తువ్వాలు వేసి పోయినాడు గదా."