ఒక్క చెవికి చాలినంత

నల్గొండలో నూరుద్దీన్ గొంతు వినని చెవి లేదు. రిక్షాకు రెండు పక్కలా సినిమా బొమ్మలు కట్టి, మైకు పట్టుకుని, పానగల్ దాకా పాతికేళ్ళు తిరిగిన మనిషి. "నేడే చూడండి!" అని ఆయన అందుకున్నాడంటే పడుకున్న పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు, తల్లులు తిట్టిపోసేవారు, సాయంత్రానికి ఆ తల్లులే టిక్కెట్ల వరసలో తోసుకునేవారు. ఒకసారి మైకు పాడైతే ఉత్తగొంతుతోనే ఊరంతా చుట్టి వచ్చాడు. తేడా ఎవరికైనా తెలిస్తే ఒట్టు!

అలాంటివాణ్ణి పంతొమ్మిది వందల తొంభై మూడులో టాకీసువాళ్ళు ఇక రావద్దన్నారు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది కదా, ప్రకటన అందులో వేసుకుంటారట. మైకు మంచం కిందికి చేరింది. "ఏం చాచా, నీ గొంతు ఇనొస్తలేదు?" అని దారిన పోయేవాళ్ళు అడిగితే నూరుద్దీన్ ప్రాణం చివుక్కుమనేది. తనకు చేతనైన పని అదొక్కటే. అదీ ఊరికి అక్కర్లేకపోతే ఇక తానెందుకని లోలోపల కుమిలిపోయాడు.

అప్పుడొచ్చాడు టెలిఫోన్ ఆఫీసు నుంచి లింగస్వామి. అక్కడ ఆఫీసరే అయినా ఈ ఊరి పిల్లవాడే.

"చాచా, కొత్త ఎక్స్ఛేంజి వస్తాంది. అందరి నంబర్లు మారుతున్నయ్. పాత నంబరు తిప్పినోళ్ళకు, ముందట రెండు అన్న అంకె కలుపుకొమ్మని మిషనే చెప్పాలె. హైదరాబాద్ సంది టేపు పంపుతమన్నరు గని, మనోళ్ళకు మన ఊరి గొంతైతెనే నమ్మకం. నీ గొంతు ఇనుకుంట పెరిగిన. వస్తవా?"

"వస్తవా అని అడుగుతవేంది సారూ, నడు!" అంటూ నూరుద్దీన్ చెప్పులు కూడా మరిచిపోయి బయల్దేరాడు.

ఆఫీసు వెనక గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, బల్ల మీద రికార్డింగు మిషను, చిన్న మైకు పెట్టారు. నూరుద్దీన్ ఛాతీ నిండా గాలి పీల్చి, ఒక చెయ్యి చెవికి ఆనించి, "ఈ నంబరు మారిందహో!" అని అందుకున్నాడు. మిషన్ ముల్లు ఆ కొసకు పోయి అక్కడే వణుకుతూ నిలబడింది. లింగస్వామి చెవులకున్న హెడ్‌ఫోన్లు ఊడబెరికి అవతల పెట్టాడు.

"జర చిన్నగ, చాచా."

చిన్నగా అంటే మంచం పట్టిన రోగి మూలుగులాగా వచ్చింది. ఇంకొంచెం పెంచమంటే మళ్ళీ టాకీసే. ఎన్నిసార్లు చేసినా అంతే.

"నువ్వు ఊరికి జెప్తున్నవ్ చాచా. ఫోనుల ఊరుండదు, ఒక్క మనిషుంటడు. గా మనిషి చెవుల చెప్పాలె" అన్నాడు లింగస్వామి. తర్వాత కష్టంగా, "రేపు పొద్దుగూకేవరకు కాకుంటె హైదరాబాద్ టేపే పెట్టాలె. నా చేతుల లేదు" అన్నాడు.

ఇంటికొచ్చి నూరుద్దీన్ చతికిలబడ్డాడు. "నా గొంతు దేనికి పనికి రాదట."

భార్య అజ్మత్ బీ జాలి పడే రకం కాదు. "నాతోనన్న ఎప్పుడు చిన్నగ మాట్లాడినవ్? నువ్వు ఉప్పు అడిగితె పక్కింట్ల గిన్నెలు కదులుతయ్" అంది. ఆ మాటకు ఆయనకు నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున సర్కారు దవాఖానలో వాళ్ళ కూతురు ఖాతూన్‌కు ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు. పుట్టిన బిడ్డ కుడిచెవిలో అజాన్, అంటే నమాజు పిలుపు, చెప్పాలి. అల్లుడు అచ్చంపేట నుంచి ఇంకా చేరలేదు, ఆ పని తాతదే. అజ్మత్ బీకి గుబులు పుట్టింది.

"ఇంకెవలనన్న పిలుద్దమా? పిల్ల దడుసుకుంటది."

"అమ్మీ, అబ్బానే చెప్పనీ" అంది మంచం మీది ఖాతూన్, నీరసంగా.

నూరుద్దీన్ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ కుడిచెవి చింతగింజంత ఉంది. పాతికేళ్ళు ఊరిమీద పడి అరిచిన గొంతు, ఇంత చిన్న చెవిలోకి ఎట్లా పోవాలి? వంగాడు. ముందు ఊపిరి వచ్చింది, దాని వెంబడే మాట వచ్చింది. పక్కనే ఉన్న ఖాతూన్‌కు నాన్న పెదవులు కదలడం తప్ప ఏమీ వినిపించలేదు. అజాన్ అయ్యాక, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేనున్న" అని కూడా చెప్పాడు. బిడ్డ ఏడవలేదు, కళ్ళు తెరిచి చూసింది. తన గొంతులో ఇంత మెత్తదనం ఉందని నూరుద్దీన్‌కే తెలియదు. కళ్ళు తుడుచుకుని, బిడ్డను అజ్మత్ బీ ఒడిలో పెట్టి, "ఇప్పుడే వస్త" అంటూ టెలిఫోన్ ఆఫీసుకు పరుగు తీశాడు.

వెనక గదిలో ఆయన మైకును బల్ల మీంచి తీసి మోచేతి వంపులో పెట్టుకున్నాడు.

"గదేంది చాచా, గట్ల పట్టినవ్?"

"జర ఆగు సారూ."

కళ్ళు మూసుకుని, తల వంచి చెప్పాడు: "ఈ నంబరు మారింది. ఫికర్ చెయ్యకుండ్రి. ముందు రెండు కలిపి మళ్ళీ తిప్పండి."

లింగస్వామి మిషన్ ఆపి, టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. తర్వాత చెప్పాల్సిన మాటలు రాసిన కాగితం వంక చూసి, "ఫికర్ చెయ్యకుండ్రి అని ఇందుల లేదు కద?" అన్నాడు.

"లేదా? పొద్దున మనుమరాలికి చెప్పిన. నోటికొచ్చింది."

"ఉండనియ్ చాచా. గదే బాగుంది."

కొత్త ఎక్స్ఛేంజి మొదలైంది. నంబరు మారిందని తెలిసినవాళ్ళు కూడా కావాలనే పాత నంబరు తిప్పి విన్నారు. అజ్మత్ బీ మాత్రం నమ్మలేదు, తానే వింటానంది. నూరుద్దీన్ ఆమెను బజారులోని ఫోను బూత్‌కు తీసుకుపోయాడు. ఆమె విన్నది. పెట్టేసి మళ్ళీ తిప్పించుకుని విన్నది. మూడోసారికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే కోపమూ వచ్చింది.

"ఎవలో ఏందో తెల్వనోళ్ళకు గింత మంచిగ చెప్తవ్. ముప్పై ఏండ్ల సంసారంల నాతోని ఒక్కనాడన్న గిట్ల మాట్లాడినవా?"

"ఎందుకు మాట్లాడలే!" అని నూరుద్దీన్ తన పాత గొంతుతో అందుకున్నాడు. బజారంతా ఇటు తిరిగింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. ఒక అడుగు దగ్గరికి జరిగి, ఆమె చెవి దాకా వంగి, ఏదో చెప్పాడు.

బూత్ నడిపేవాడు మెడ సాచినా ఒక్క ముక్క వినపడలేదు. అజ్మత్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్ల చెప్పు" అంది.